ఏటికి అయిదు కచేరీలు

పాశ్చాత్య సంగీతసభను మొదటిమారు చూచిన మన సోదరీమణుల కొక సందేహము కలుగక మానదు. వేదికపై నెనుబదిమందియో, నూర్గురో వాద్యములు పట్టుకొని కూర్చుందురు. వారి కెదురుగా, సభవారికి వీపు చూపుచు, ఒక వ్యక్తి చిన్న కఱ్ఱను చేతబట్టుకొని నిలుచుండును. ఆ వ్యక్తి పాడుట లేదు, మీటుట లేదు, ఊదుట లేదు. అయినను సభ ముగిసిన పిమ్మట నందఱికంటె నెక్కువ కరతాళధ్వనులు ఆ వ్యక్తికే లభించును. ఏమియు వాయింపని వారి కింత గౌరవమేల యని యడుగ బుద్ధి పుట్టును.

మన కచేరీలో గాయకుడే నాయకుడు. ఫిడేలును, మృదంగమును ఆయన మనోధర్మము ననుసరించి నడచును. ఎదురెదుట కూర్చుండుటచే కనుసైగతోడనే పని జరిగిపోవును. అక్కడి బృందవాద్యపద్ధతి వేఱు. ఒక్కొక్కరి యెదుట వారి వారి భాగము మాత్రమే వ్రాసిన కాగితముండును. ఫిడేళ్లవారి కాగితమునందు బాకాలవారి స్వరములు కానరావు. అన్నిటిని ఒకచోట గూర్చి వ్రాసిన గ్రంథము ఆ నిలుచున్న వ్యక్తి యెదుట మాత్రమే యుండును. కుడిచేతి కఱ్ఱ కాలప్రమాణమును చూపును. ఎడమచేయి ఎవరు హెచ్చింపవలెనో, ఎవరు తగ్గింపవలెనో, ఎవరెప్పుడు ప్రవేశింపవలెనో తెలుపును. ఈ పని చేయువానిని ఇంగ్లీషువారు కండక్టరందురు. మన బస్సులలోని కండక్టరునకును ఆయనకును పోలిక యొక్కటే: ఇరువురును తాము నిలుచుండియే తక్కినవారిని గమ్యము చేర్తురు.

ఇందు మఱియొక విశేషము కలదు. వీణ నేర్చిన స్త్రీకి సభ లభింపకున్నను వీణ యింటనే యుండును. గొంతున్నవారు వంటయింటనైనను పాడుకొనవచ్చును. ఈ నాయకవిద్యకు మాత్రము వాద్యము మనుష్యులే. నలువది, యెనుబదిమంది కలసి కూర్చుండి, "నడిపింపుము" అని యన్ననే గాని ఆ విద్య పలుకదు. దానిని పెట్టెలో దాచుకొనుటకు వీలులేదు. ఒంటరిగా సాధన చేయుటకును వీలులేదు. ఇతరులు చేతికీయవలసిన వాద్యమది. ఇయ్యకున్న నేమగునో తెలియవలెనన్న ఆంటోనియా బ్రికో జీవితమును చూడవలెను. ఈ మాసమున మేము మా చదువరులకు చెప్పదలచినది యామె చరిత్రమే.

ఆంటోనియా 1902వ సంవత్సరము జూన్ 26వ తేదీని హాలెండు దేశమందలి రాటర్‌డాం పట్టణమున జన్మించెను. తల్లి యవివాహిత. శిశువును పెంపునకు తీసికొనిన దంపతులు ఆమెకు విల్హెల్మీనా యని పేరు పెట్టి, 1908లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు తీసికొనిపోయిరి. ఆ యింట నామెకు కూడు దొరకెను గాని మమత దొరకలేదు. పిల్లకు గోళ్లు కొఱుకుకొనెడి యలవాటుండెను. పియానో నేర్పింపుడు, వ్రేళ్లకు పని కలిగిన నీ యలవాటు పోవునని యొక వైద్యుడు సలహా చెప్పెనట. ఆ విధముగా ఆమెకు సంగీతము మందుగా ప్రాప్తించెను. గోళ్లసంగతి యెట్లైనను, మందుగా వచ్చిన విద్య ప్రాణమై కూర్చుండెను.

బాల్యముననే యామె ఓక్లండు పట్టణపు ఉద్యానమున నొక బృందవాద్యమును వినెను. తక్కిన పిల్లలు తళతళలాడు బాకాలను చూచియుందురు. ఈమె చూపు మాత్రము నాయకుని చేతులపై నిలిచెను. తానును ఆ పనియే చేయవలెనని యప్పుడే నిశ్చయించుకొనెను. ఆ కాలమున నొక యాడుపిల్ల యిట్టి కోరిక కోరుట, చందమామను కోయదలచుట వంటిది.

1919లో ఉన్నత పాఠశాలలో చదువు ముగిసెను. తన జన్మనామము ఆంటోనియా బ్రికో యని తెలిసికొని, నాటినుండి యా పేరుననే జీవింప నారంభించెను. పెంపుడిల్లు విడిచి, పియానో వాయించి తన తిండికి తానే సంపాదించుకొనుచు, బర్క్లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చదివి 1923లో పట్టము నొందెను. చదువుకొనుచునే శాన్ ఫ్రాన్సిస్కో సంగీతనాటకశాల యధికారికి సహాయకురాలుగా పనిచేసెను. పిమ్మట న్యూయార్కున స్టొయోవ్‌స్కీ యను పియానో విద్వాంసుని యొద్ద శుశ్రూష చేసెను. పియానోతో తృప్తి నొంది యుండినచో నామె జీవితము సుఖముగానే వెళ్లియుండును. పియానో వాయించు స్త్రీని లోకము మెచ్చుకొనును. అది యింటి కలంకారము. కాని యామె మనసు కఱ్ఱమీద నుండెను.

1927లో ఆమె బెర్లినునగరమందలి ప్రభుత్వ సంగీతకళాశాలలో చేరెను. అక్కడ నాయకవిద్య నేర్పు ఉన్నతతరగతినుండి 1929లో పట్టము గైకొనెను. ఆ తరగతినుండి యుత్తీర్ణులైన అమెరికనులలో నామెయే మొదటిది. కార్ల్ మ్యూక్ అను మహావిద్వాంసుడు ఆమెకు గురువు. ఆయన యొకప్పుడు బోస్టను నగరపు ప్రసిద్ధబృందమును నడిపినవాడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున జర్మను పక్షపు వాడని అమెరికాలో నిర్బంధింపబడినవాడు. ఆ దేశమునుండియే వచ్చిన యొక పేదపిల్లకు ఆయన తన విద్యను దాచక బోధించెను. ఈ ఔదార్యమును మేము మఱవజాలము. విద్యకు దేశద్వేషము లేదనుటకు ఇంతకంటె వేఱు నిదర్శనమేల?

1930లో, ఇరువదియేడేండ్ల వయసున, ఆమె బెర్లిను ఫిల్‌హార్మోనిక్ బృందమును నడిపెను. ఆ బృందము ప్రపంచమునందలి మేటి బృందములలో నొకటి. విమర్శకులు మెచ్చిరి. ఆ సంవత్సరముననే స్వదేశమున శాన్ ఫ్రాన్సిస్కో బృందమును నడిపెను. హాంబర్గు బృందమును ఆమెకు లోబడి వాయించెను. ఇక మార్గము సుగమమైనదని యెవరైనను తలతురు. ఆమెయు నట్లే తలచినది.

ఆ దినములలో అమెరికాలో ఆర్థికమాంద్యము తీవ్రముగా నుండెను. పనిలేని వాద్యకారులతో న్యూయార్కున నొక బృందమేర్పడగా, 1933లో మెట్రొపాలిటన్ నాటకశాలయందు దానిని నడుపుట కామె నాహ్వానించిరి. మొదట చేసిన కచేరీలు చక్కగా జరిగెను. తరువాతి కచేరీలో పాడవలసిన యొక ప్రసిద్ధగాయకుడు, స్త్రీ చేతి కఱ్ఱకు లోబడి తాను పాడనని భీష్మించెను. నిర్వాహకులు ఆ గాయకుని విడువలేదు, ఆమెను విడిచిరి. తప్పు చేసినవారికి శిక్ష కలుగుట లోకమున కలదు. ఏ తప్పును చేయక, చక్కగా చేసినందుకు శిక్ష పడుట స్త్రీల భాగ్యమున వ్రాసియున్నట్లున్నది.

ఆంటోనియా యేడ్చుచు కూర్చుండలేదు. తనకు వాద్యము నియ్యరేని తానే చేసికొందునని 1934లో న్యూయార్కున స్త్రీలతోడనే యొక బృందమును నిర్మించెను. స్త్రీలు ఫిడేలును, హార్పును వాయింతురు గాని పెద్దబాకాల నూదగలరా, నగారాలను కొట్టగలరా యని యప్పటివారి సంశయము. ఆ బృందమున నన్ని స్థానములందును స్త్రీలే కూర్చుండి వాయించిరి. అధ్యక్షుడు రూజ్‌వెల్టుగారి సతీమణి ఎలియనోర్ ఆ యుద్యమమునకు ప్రోత్సాహమిచ్చెను. వాయింపగలరా యను ప్రశ్న దానితో సమసినది. 1938 జులైలో ఆంటోనియా లూయిసోన్ స్టేడియమున న్యూయార్కు ఫిల్‌హార్మోనిక్ బృందమును నడిపి, దానిని నడిపిన మొదటి స్త్రీయని కీర్తి వడసెను.

ఇచ్చట నామె చేసిన పని నొకదానిని ప్రత్యేకముగా చెప్పవలెను. స్త్రీల బృందము విజయము నొందిన పిమ్మట, 1939లో, ఆమె పురుషులను గూడ చేర్చుకొని దానికి బ్రికో సింఫొనీ యని పేరు పెట్టెను. స్త్రీలు వేఱుగా వాయింపగలరని చూపుట యామె తుదికోరిక కాదు. స్త్రీపురుషులు ఒక పంక్తిని కూర్చుండి వాయించుటయే యామె కోరిక. ఇది న్యాయమైన కోరిక. కాని లోకము న్యాయముకంటె వింతను ప్రేమించును. స్త్రీలే వాయింతురన్న వింత పోగానే ఆ బృందముపై నాసక్తియు తగ్గెను. కొలదికాలమునకే యది నిలువలేకపోయెను.

1942లో ఆమె కొలరాడో రాష్ట్రమందలి డెన్వరు నగరమునకు చేరెను. ఆ నగరపు ప్రధానబృందమునకు నాయకత్వము లభించునని యామె యాశ. ఆ స్థానము ఖాళీ యయ్యెను. కాని యామెకు రాలేదు. అప్పటి కామెకు నలువదియేండ్లు దాటినవి. బెర్లినున పట్టమును, న్యూయార్కున పేరును గడించిన స్త్రీ, పర్వతముల నడుమనున్న యొక నగరమున, పియానో పాఠములు చెప్పుకొని జీవించు నుపాధ్యాయిని యయ్యెను.

ఆమె యింట పిల్లలును పెద్దలును పియానో నేర్చిరి. కొందఱు గాత్రమును, కొందఱు నాయకవిద్యను నేర్చిరి. 1948లో వృత్తులయందుండి తీరిక వేళల వాద్యసాధన చేయు నగరవాసులతో నొక బృందమేర్పడగా దానికామె నాయకురాలయ్యెను. జీతమునకు వాయించువారి బృందము కాదది. పగలెల్ల తమ పనులు చేసికొని, సాయంకాలమున వాద్యము చంకబెట్టుకొని వచ్చువారిది. అట్టివారిచేత మహాగ్రంథములను వాయింపించుట యెంత కష్టమో సంగీతము నేర్పిన సోదరీమణు లెఱుగుదురు. ముప్పదియేండ్లకు పైగా ఆమె యా పని చేసెను. 1968లో ఆ బృందమునకు బ్రికోపేరే పెట్టిరి.

విదేశములందు గౌరవము లేకపోలేదు. ఫిన్లండు దేశపు మహావాగ్గేయకారుడు సిబేలియసు ఆమెను హెల్సింకికి రప్పించి తన కృతులను నడిపింపజేసెను. ఆఫ్రికాలో ఆసుపత్రి స్థాపించి సేవచేసిన డాక్టరు ష్వైట్జరును దర్శించి, ఆయనయొద్ద బాక్ సంగీతరహస్యముల నామె నేర్చుకొనెను. మన దేశమునుండి పోయి కాలిఫోర్నియాలో ఆశ్రమము నెలకొల్పిన పరమహంస యోగానందస్వామివారియందు నామెకు భక్తి గలదు. ఇన్ని పరిచయములున్నను, తన యూరి ప్రధానవేదిక మాత్రము ఆమెకు దూరముగానే యుండెను.

ఆమె శిష్యులలో జూడీ కాలిన్స్ అను బాలిక యొకతె. తండ్రి అంధుడు, గాయకుడు. బాలిక చిన్ననాడు పోలియో వ్యాధివాత బడి లేచినది. వ్రేళ్లు చుఱుకైనవి, చెవి మిక్కిలి సూక్ష్మమైనది. పదుమూడవయేట మోత్సార్టు రెండు పియానోలకు వ్రాసిన కృతిని గురువుగారి బృందముతో సభలో వాయించెను. ఈ పిల్ల గొప్ప పియానో విద్వాంసురాలగునని గురువు కలలు కనెను. శిష్యురాలు మాత్రము కొంతకాలమునకు గిటారు చేతబట్టి, జానపదగేయములు పాడుచు, పియానోపాఠములు విడిచిపెట్టెను. గురువునకు మనసు కలుక్కుమనెను. తాను నాటిన మొక్క వేఱొకరి దొడ్డిలో పూయుట చూచి సంతోషించుట పెద్దలకే చెల్లును; కాని కోయదలచిన పూవు వేఱు, పూచిన పూవు వేఱు అయినప్పుడు గురువునకు కలుగు వ్యథను మేము తప్పుపట్టజాలము.

జూడీ గాయనిగా లోకప్రసిద్ధి గాంచెను. చాలయేండ్లకు, తన గురువుయొక్క చరిత్రను చలనచిత్రముగా తీయవలెనని యామెకు తోచెను. జిల్ గాడ్‌మిలో అను దర్శకురాలితో కలసి 1974లో నా చిత్రమును పూర్తిచేసెను. అది కట్టుకథ కాదు, నటులు లేరు. వృద్ధురాలైన గురువు పాఠము చెప్పుట, బృందముచే సాధన చేయించుట, తన యింట కూర్చుండి మాటాడుట, ఇవియే యందలి దృశ్యములు.

అందు మొదట నామె నవ్వుచు పాతకథలు చెప్పును. ఒకచోట మాత్రము ఆ నవ్వు తొలగిపోవును. తన కేడాదికి అయిదు కచేరీలు మాత్రమే దొరకుచున్నవనియు, నెలకు అయిదు చేయగల శక్తి తనకు గలదనియు, వాయించుటకు వాద్యమే లేని వాద్యకారునివంటి బ్రదుకు తనదనియు, ఆ తాపమును తాను పైకి కనబడనీయననియు ఆమె చెప్పుకొనును. అప్పటికామె వయసు డెబ్బది దాటినది. ముప్పదియేండ్లుగా శిష్యులయెదుట దాచుకొనిన బాధ యది.

సోదరీమణులారా, ఈ ఘట్టమును గుఱించియే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇట్టి చరిత్రలను చెప్పునప్పుడు మనమందఱము నొక తీపిమాటతో ముగించుట వాడుక: పదవి రాకపోయిన నేమి, వందలకొలది శిష్యులను తయారుచేసెను గదా; వేదిక దొరకకున్న నేమి, ఓర్పుతో జీవితమును సార్థకము చేసికొనెను గదా యని. మేమును ఇట్టి మాటలు వ్రాసినవారమే. అవి యబద్ధములు కావు. ఆమె బోధన గొప్పది. దానిని ఆమె తక్కువగా చూడలేదు. కాని యా బోధన, దొరకని వేదికకు మాఱు కాలేదు. ఒక యప్పు తీర్చి మఱియొక యప్పు తీర్చితిమని వ్రాసికొనుట లెక్కలలో చెల్లదు. మనుష్యుల విషయముననేల చెల్లవలెను? ఆమెయే యా లెక్కను ఒప్పుకొనలేదు. ఆమె యోర్పును పొగడుటకు ముందు, ఆమె కోర్పవలసిన యవసర మెవరు కల్పించిరని యడుగవలెను.

తరువాతి కథ వింతయైనది. చిత్రము జనులకు నచ్చెను. ఆస్కారు బహుమానమునకు ప్రతిపాదింపబడిన చిత్రములలో నది యొకటి యయ్యెను. 2003లో అమెరికా దేశమువారు శాశ్వతముగా భద్రపఱుపదగిన చిత్రముల పట్టికలో దానిని చేర్చిరి. చిత్రము చూచినవారు, ఈమె యిన్నాళ్లు ఎక్కడ నున్నదని యడిగిరి. 1975లో న్యూయార్కున లింకన్ సెంటరునందు జరిగిన మోత్సార్టు సంగీతోత్సవమున నామె బృందమును నడిపెను. డెబ్బదిమూడేండ్ల వృద్ధురాలి చేతికి, ఇరువదియేడేండ్ల నాడు అలవడిన కఱ్ఱ మరల వచ్చెను. ఇతరనగరములును పిలిచెను. ఏ శిష్యురాలు తన పాఠమును విడిచిపోయెనని గురువు నొచ్చుకొనెనో, ఆ శిష్యురాలే గురువునకు వేదికను తెచ్చియిచ్చెను. గురుదక్షిణ యనగా నిదియే యని మా కనిపించును. అయినను నలువదియేండ్లు ఆలస్యముగా వచ్చిన దక్షిణ యది.

ఆంటోనియా 1989 ఆగస్టులో డెన్వరున కాలధర్మము నొందెను. అప్పుడామెకు ఎనుబదియేడేండ్లు. ఆ సంవత్సరముననే, ఆమెకు నాయకత్వము నియ్యని యా నగరపు ప్రధానబృందము మూతపడెను. అందలి వాద్యకారులు కొలరాడో సింఫొనీ యను క్రొత్తబృందముగా నేర్పడిరి. 1993లో ఆ బృందమునకు నాయకురాలుగా వచ్చినది మారిన్ ఆల్సప్ అను స్త్రీ. ఆమె 2005 వఱకు ఆ నగరముననే యుండి, 2007లో బాల్టిమోరు బృందమునకు సంగీతాధిపతి యయ్యెను. అమెరికాలోని పెద్దబృందమున కట్టి పదవి నలంకరించిన మొదటి స్త్రీ యామెయే యని లోకము కీర్తించెను. నగరము అదియే, వేదికయు నట్టిదే. నడుమ గడచినది యొక స్త్రీయొక్క జీవితకాలము. బ్రికో నడిపిన తీరికవేళల వారి బృందము నేడును డెన్వరు ఫిల్‌హార్మోనిక్ అను పేర కచేరీలు చేయుచున్నది.

ఈ చరిత్ర దూరదేశపుది. మనకేమి సంబంధమని కొందఱనవచ్చును. మన యిండ్లలో నాడుపిల్లలకు సంగీతము చెప్పింపనివా రరుదు. పెండ్లిచూపులనాడు వీణ బయటికి వచ్చును. పెండ్లి యయిన పిమ్మట వీణ కొక గవుసెన తొడిగి మూలను నిలబెట్టుదుము. విద్య యున్నదిగదా, ఎక్కడికి పోవునని యందుము. కొన్ని విద్యలు ఒంటరిగా బ్రదుకవు. పదిమంది నడుపవలసిన సంస్థలు, సభలు, పాఠశాలలు, బృందములు, వీనిని నడిపించు విద్య యంతయు నిట్టిదే. పదిమంది యెదుట నిలువనిచ్చిననే గాని యది యలవడదు. ఆ యవకాశమును ఇంటివారును, ఊరివారును ఈయవలెను.

అందుచే మేము కోరునది పెద్దది కాదు. మీ యూరి పాఠశాలలో బాలికలు కలసి పాడునప్పుడు, మీ మహిళాసమాజమున భజన జరుగునప్పుడు, ముందు నిలిచి తాళము వేసి నడిపించు చోటున నొక బాలికను నిలువబెట్టుడు. మొదట తప్పులు చేయును, చేయనిండు. తక్కినవారు నవ్వుదురు, నవ్వనిండు. వార్షికోత్సవమునాడు మాత్రము కాదు, వారమువారము నా పిల్లకు చోటీయుడు. ఏటికి అయిదుమారులు సరిపోవని మన కొకతె తన జీవితమంతయు వెచ్చించి చెప్పిపోయినది.